ధవళేశ్వరంలో కాటన్ విగ్రహం: స్థలం, రూపం, స్మృతి

వ్యాససంగ్రహం

ఆరుబయట నిలిపిన శిల్పానికి అర్థం దాని రూపం నుంచి ఎంత వస్తుందో, దాన్ని నిలిపిన చోటు నుంచీ అంతే వస్తుంది. 1847–1852 మధ్య నిర్మితమైన ధవళేశ్వరం ఆనకట్ట శతాబ్దానికి పైగా తన నిర్మాతకు తానే స్మారకంగా నిలిచింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చిన తరువాత ఆ స్మృతిభారం విగ్రహంమీద, మ్యూజియం ప్రాంగణంమీద మరింతగా పడింది. సర్ ఆర్థర్ కాటన్ విగ్రహానికి ఎంచుకున్న రూపం ఆ భారాన్ని ఎంతవరకు మోయగలిగిందో, ధవళేశ్వరం దాటి వెళ్లినకొద్దీ దాని అర్థం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ధవళేశ్వరం, ఆర్థర్ కాటన్, స్మారక శిల్పం, అశ్వారూఢ విగ్రహం, ట్యాంక్‌బండ్, గోదావరి డెల్టా, శ్రామిక స్మృతి

1. ప్రస్తావన

శిల్పాన్ని ఆరుబయట నిలపడంలో రెండు నిర్ణయాలుంటాయి. ఏ శిల్పం అన్నది ఒకటి, ఎక్కడ అన్నది మరొకటి. తెలుగునాట పాత సంప్రదాయంలో స్థలానిదే పైచేయి. వీరుడు ఒరిగిన చోటనో, అతడు కాపాడిన ఊరి పొలిమేరలోనో వీరగల్లు నిలిపేవారు. నాగశిల రావిచెట్టు మొదటికి చేరుతుంది. నంది ఎక్కడ కూర్చోవాలో, ఎటు చూడాలో గర్భగుడిలోని లింగమే నిర్ణయిస్తుంది. చోటు ముందు, రూపం తరువాత.

ఆధునిక స్మారక విగ్రహం ఈ వరుసను తలకిందులు చేసింది. ముందు వ్యక్తిని ఎంచుకోవడం, తరువాత అతడికొక కూడలిని వెతకడం రివాజైంది. కూడలి దొరకకపోతే పార్కు, పార్కూ లేకపోతే రహదారి మధ్యనున్న డివైడరు. విగ్రహానికీ దాని కింది నేలకూ సంబంధం ఉండాలన్న పట్టింపు క్రమంగా సడలింది.

ధవళేశ్వరంలో ఆ సంబంధం గురించి వాదించవలసిన అవసరమే రాదు. కాటన్ విగ్రహానికి ప్రపంచం మొత్తంమీద ఒకే ఒక్క సహజస్థానం ఉందనుకుంటే అది గోదావరి పాయలుగా చీలే ఈ చోటే. అయినా ఇక్కడ ఎదురయ్యే సమస్య చిన్నది కాదు. చోటు ఇంత బలంగా మాట్లాడుతున్నప్పుడు శిల్పం ఏం చెప్పాలి? చెప్పేదానిలో ఎవరిని కలుపుకోవాలి, ఎవరిని వదిలిపెట్టాలి?

2. తోటకు చేరిన అమరావతి

ధవళేశ్వరంలోకి వెళ్లేముందు అదే తరానికి చెందిన ఒక తీరాంధ్ర ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. 1830 ప్రాంతంలో మచిలీపట్నం కలెక్టరుగా ఉన్న రాబర్ట్‌సన్ అమరావతి స్తూపానికి చెందిన 33 శిల్పఫలకాలను తెప్పించి, తాను కొత్తగా కట్టించిన బజారు మధ్య ఒక అలంకారంగా అమర్పించాడు. ఆ పేటకు ఆయన పేరే వచ్చింది. అదే నేటి రాబర్ట్‌సన్‌పేట. వాటిలో కొన్ని తరువాత అలెగ్జాండర్ అనే రేవు ఉద్యోగి తోటకు చేరాయి. అక్కడి నుంచి మద్రాసు మ్యూజియం దారి పట్టాయి.

కలెక్టరుకు శిల్పాల విలువ తెలియదని అనలేం. తెలియకపోతే అంత దూరం మోయించి ఉండడు. అయితే ఆయన ఎంచుకున్నది శిల్పాన్ని మాత్రమే. దాని చోటును కాదు. ప్రదక్షిణమార్గంలో నడిచే భక్తుడి కళ్లకు ఒకదాని తరువాత ఒకటిగా కనిపించేలా కూర్చిన ఫలకాలు బజారులో ఒక గుట్టకు అతికిన రాళ్లయ్యాయి. కథ క్రమం పోయింది, సొగసు మాత్రం మిగిలింది. తోటలోకి వచ్చేసరికి కథ ఉండేదన్న ఊహ కూడా పోయి ఉంటుంది.

ఈ ఉదంతాన్ని గోదావరికి కలిపే వ్యక్తి ఒకడున్నాడు. 1845లో అమరావతిలో తవ్వకాలు జరిపిన వాల్టర్ ఇలియట్, ఆ ఏడాది నుంచి 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరు. అంటే ధవళేశ్వరం ఆనకట్ట పునాది నుంచి పూర్తయ్యేదాకా ఈ ప్రాంత పాలన ఆయన చేతిలోనే ఉంది. ఒకవైపు కృష్ణ ఒడ్డున చెక్కిన రాళ్లను వాటి చోటునుంచి కదిలిస్తున్న కాలంలోనే, మరోవైపు గోదావరి ఒడ్డున చెక్కని రాళ్లను కొండనుంచి తెచ్చి, వందేళ్లకు పైగా కదలకుండా ఉండే చోట కూర్చారు. ఆ రెండు పనులూ ఒకే ప్రభుత్వం చేసినవని మరచిపోరాదు.

3. ఆనకట్టే స్మారకమైన కాలం

1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన తరువాత రాజమహేంద్రవరం జిల్లా చితికిపోయింది. 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మరణించినవారితోపాటు వలస పోయినవారూ ఈ లెక్కలో ఉన్నారు. కంపెనీ ప్రభుత్వాన్ని కదిలించింది ఈ ప్రాణనష్టమా, తగ్గిన శిస్తా అన్న ప్రశ్నకు చరిత్రకారులు ఇచ్చే జవాబు ఒకటే కాదు. శిస్తు లెక్క లేకుండా మద్రాసు నుంచి గాని, లండన్ నుంచి గాని ఇంతటి పనికి అనుమతి వచ్చేది కాదనడం మాత్రం నిజానికి దగ్గర.

1836–38 మధ్య కావేరి పాయ కొల్లడంమీద ఆనకట్టలు కట్టిన అనుభవంతో కాటన్ గోదావరికి వచ్చాడు. ఇసుక పునాదిమీద రాతికట్టను ఎలా నిలపవచ్చో కల్లణై కట్టిన పూర్వుల పనితనం నుంచి నేర్చుకున్నానని ఆయన దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. 1846 చివర అనుమతి లభించింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. లంకల మధ్య నాలుగు భాగాలుగా, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం శాఖలుగా, మొత్తం రెండుంపావు మైళ్ల మేర రాతికట్ట నదికి అడ్డంగా పరుచుకుంది. రాయి ధవళేశ్వరం కొండదే. కొండ రాళ్లను నదికి చేర్చడానికి పట్టాలు వేసి బళ్లు నడిపారు. దేశంలోని తొలి రైలుమార్గాల జాబితాలో ధవళేశ్వరం పేరు కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక విషయంమీద ఆగవలసి ఉంది. జనార్దనస్వామి వెలసిన కొండ అది. గోదావరి తీరంలోని నవజనార్దన క్షేత్రాల వరుసలో ధవళేశ్వరానిది మొదటి స్థానం. అదే కొండ ఆనకట్టకు రాతిగని అయింది. కొండ ఒక భాగం నదిలోకి నడిచి వెళ్లి అడ్డంగా పడుకున్నదన్నా అతిశయోక్తి కాదు. ధవళేశ్వరంలో ప్రకృతి, దైవం, ఇంజనీరింగు మూడూ ఒకే రాతినుంచి వచ్చాయి. ఏ శిల్పికైనా ఇంతకుమించిన ముడిసరుకు దొరకదు. తరువాతి కాలంలో విగ్రహాలు నిలిపినవారు ఈ రాతిని అంతగా పట్టించుకోకపోవడం విచారకరం.

ఆనకట్ట కట్టిన తరువాత చాలాకాలం కాటన్‌కు వేరే విగ్రహం కావాలని డెల్టా అనుకోలేదు. అక్కర కూడా లేకపోయింది. ధవళేశ్వరం రేవులో దిగిన ప్రతి పడవ ప్రయాణికుడికీ కట్ట కనిపించేది, దానిమీదుగా దూకే నీటి హోరు వినిపించేది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు ఆ కట్ట ఎగువ నుంచే బయలుదేరేవి. జనం ఆయన స్మృతిని రాతిలో కాక మాటలో నిలుపుకున్నారు. గోదావరి స్నానసంకల్పంలో కాటన్‌ను భగీరథుడితో పోల్చే సంస్కృత శ్లోకం పండితుల నోట చేరింది. విగ్రహానికి ముందు శ్లోకం వచ్చిందన్నమాట. దానికి పీఠం అవసరం లేదు, స్థలం మాత్రం కావాలి. నీటిలో నిలబడినప్పుడే ఆ శ్లోకానికి అర్థం.

వలస ప్రభుత్వపు విగ్రహసంస్కృతి వేరు. అది రాజధానుల్లో వర్ధిల్లింది. మద్రాసులో 1839లో నిలిపిన సర్ థామస్ మన్రో అశ్వారూఢ విగ్రహం లండన్ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ చేతిపని. రికాబులు లేని గుర్రంగా అది నేటికీ ప్రసిద్ధం. గవర్నర్లు, సేనాపతులు, రాజులు ఆ వరుసలోని వారు. నీటిపారుదల ఇంజనీరుకు అందులో సులభంగా చోటు దొరకదు. పైగా కాటన్ తన ప్రభుత్వంతో జీవితాంతం తగాదా పడ్డవాడు. రైళ్లకన్నా కాలువలే దేశానికి మేలని వాదించి, 1878లో పార్లమెంటు కమిటీ ముందు ఎదురుప్రశ్నలకు గురైనవాడు.

4. విగ్రహం అవసరమైన సందర్భం

1970లో కొత్త బ్యారేజీ పని మొదలైంది. 1980ల తొలినాళ్లకు పూర్తయింది. ధవళేశ్వరం శాఖలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39, మొత్తం 175 గేట్లతో సుమారు 3.6 కిలోమీటర్ల పొడవున నిలిచిన ఈ కట్టడానికి కాటన్ పేరే పెట్టారు. ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. పాత ఆనకట్ట పని విరమించింది.

స్మృతి చరిత్రలో ఇదొక మలుపు. పేరు నిలిచింది, కాని ఆ పేరుగల మనిషి కట్టినది కళ్లముందునుంచి తప్పుకుంది. ఇనుపగేట్లు, కాంక్రీటు స్తంభాలు 20వ శతాబ్దపు పనితనానికి సాక్ష్యాలు. వాటిని చూసి 1852ను ఊహించుకోవడం కష్టం. దీనికితోడు పడవ ప్రయాణం అంతరించింది. ధవళేశ్వరం చేరేవాడు ఇప్పుడు నదినుంచి రాడు. బ్యారేజీమీది రోడ్డుమీదుగా వస్తాడు. నీటిమట్టం నుంచి తలెత్తి కట్టను చూసే చూపు పోయి, వాహనం కిటికీలోనుంచి పక్కకు చూసే చూపు వచ్చింది.

విగ్రహం అవసరమయ్యేది ఇటువంటి సందర్భంలోనే. కట్టడం తన కథ తాను చెప్పుకోలేనప్పుడు, చెప్పడానికి మరొకటి కావాలి. బ్యారేజీ దగ్గరి అశ్వారూఢ విగ్రహాన్నీ, కాటన్ పేరున్న మ్యూజియాన్నీ ఈ నేపథ్యంలో చూడాలి. మ్యూజియంలో చిత్రాలు, ఆనకట్ట నమూనాలు ఉన్నాయి. ఇవి రెండూ ఒకే బాధ్యతను పంచుకున్నట్టు కనిపించినా వాటి పద్ధతులు వేరు. విగ్రహం మనిషిని చూపుతుంది, మ్యూజియం పనిని చూపుతుంది. వాటి మధ్య నడిచివెళ్లే సందర్శకుడే ఆ రెండింటినీ కలుపుకోవాలి.

5. గుర్రం

శిల్పభాషలో గుర్రానికి చాలా పాత అర్థాలున్నాయి. రోములోని మార్కస్ ఆరీలియస్ మొదలు మద్రాసు మన్రో వరకు గుర్రమెక్కిన కంచుమనిషి పాలకుడు లేదా సేనాపతి. తెలుగువారికీ ఈ భాష కొత్తకాదు. వీరగల్లుల్లో గుర్రంమీది యోధులున్నారు. ట్యాంక్‌బండ్‌మీది రుద్రమదేవి ప్రక్కన గుర్రం లేకపోయినా ఆమెను తలచుకున్న తెలుగు చిత్రకారుడు ముందుగా గీసేది గుర్రాన్నే. కనుక కాటన్‌ను గుర్రంమీద చూపడం ఒక ఇంజనీరును పాలకుల వరుసలోకి చేర్చడమే.

దీనికి సమర్థన లేకపోలేదు. డెల్టాను సర్వే చేసినకాలంలో దారులు లేని లంకల్లో, బురదలో గుర్రమే వాహనం. కాటన్ గుర్రమెక్కి ఊరూరా తిరిగాడన్న మాట డెల్టా పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది. ఆ జ్ఞాపకానికి శిల్పి రూపమిచ్చాడనుకుంటే గుర్రం ఇక్కడ యుద్ధాశ్వం కాదు, సర్వే గుర్రం. చూసేవాడికి ఈ తేడా తెలియాలంటే మాత్రం శిల్పంలోనో, దాని పరిసరంలోనో ఒక ఆధారం కనిపించాలి. కొలత గొలుసో, లెవెలింగ్ పరికరమో, చేతిలో పటమో ఉంటే ఆ గుర్రం వేరే కథ చెబుతుంది. వట్టి గుర్రం పాత కథనే చెబుతుంది.

వయస్సు విషయం కూడా పరిశీలించదగినది. కాటన్ 1803లో పుట్టాడు. ఆనకట్ట కట్టేనాటికి ఆయన 44 నుంచి 49 ఏళ్లవాడు. ఎండదెబ్బతో, అనారోగ్యంతో మధ్యలో సెలవుపై వెళ్లవలసి వస్తే కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. అయితే 1899 వరకు, 96 ఏళ్లు జీవించిన కాటన్ ఛాయాచిత్రాల్లో అందరికీ పరిచయమైనది తెల్లగడ్డపు వృద్ధుడి ముఖం. డెల్టా ఆరాధనకు ఆ ఋషివంటి ముఖం బాగా సరిపోయింది. జ్వరంతో, ఖర్చు లెక్కలతో, పై అధికారుల ఉత్తరాలతో సతమతమైన నడివయసు ఇంజనీరు కన్నా తెల్లగడ్డపు పెద్దాయన పూజకు అనుకూలుడు. ఏ ముఖాన్ని ఎంచుకున్నామన్నదానిమీద ఏ చరిత్రను ఎంచుకున్నామన్నది ఆధారపడి ఉంటుంది.

మరో చిక్కు బ్యారేజీ స్వభావంలోనే ఉంది. అది అడ్డంగా పరుచుకున్న కట్టడం. మూడున్నర కిలోమీటర్ల ఆ సమతలరేఖ ముందు నిలువుగా నిలబడే ఏ విగ్రహమూ ఎత్తుతో పోటీపడలేదు. పోటీపడకపోవడమే మేలు. ఎత్తే ఘనతకు కొలత అయిన ఈ రోజుల్లో ధవళేశ్వరంలో ఆకాశాన్ని అంటే కాటన్‌ను నిలపాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, నదిని ఒకసారి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు చూడమనడమే దానికి జవాబు.

6. ఊళ్లకు, ట్యాంక్‌బండ్‌కు

ధవళేశ్వరం దాటితే కాటన్ విగ్రహాలు డెల్టా అంతటా కనిపిస్తాయి. ఇవి దాదాపు అన్నీ స్వాతంత్ర్యం తరువాతివే. 1927లో మద్రాసు యువకులు సత్యాగ్రహం చేయగా 1937లో కాంగ్రెసు మంత్రివర్గం జనరల్ నీల్ విగ్రహాన్ని వీధినుంచి మ్యూజియానికి తరలించింది. ఢిల్లీలో ఐదవ జార్జి విగ్రహం 1968లో ఇండియాగేటు ముందునుంచి ఊరవతలి కారొనేషన్ పార్కుకు వెళ్లింది. ఒకవైపు దేశం తెల్లదొరల విగ్రహాలను దించుతూ ఉంటే, గోదావరి రైతులు ఒక తెల్లదొర విగ్రహాన్ని చందాలు వేసుకొని నిలుపుకుంటూ వచ్చారు. దీన్ని వలసభక్తి అని కొట్టిపారేయడం తేలిక, కాని సరికాదు. వాళ్లు నిలుపుకున్నది రాజును కాదు, తమ పొలానికి వచ్చే నీటిని.

ఊరి విగ్రహం సాధారణంగా సిమెంటుది. కోనసీమలోని కొత్తపేటలో వుడయార్ కుటుంబ శిల్పశాల వంటివి ఈ అవసరాన్ని తీరుస్తూ వచ్చాయి. అచ్చు ఒకటి కుదిరితే దానినుంచి ఎన్నో ప్రతులు. కాలువగట్టు, లాకు, పంచాయతీ కార్యాలయం, సొసైటీ భవనం, నాలుగురోడ్ల కూడలి ఇలా ఎన్నో చోట్లకు అది చేరుతుంది. వీటిలో కాలువగట్టుమీదివి తమ అర్థాన్ని నిలుపుకుంటాయి. విగ్రహం కింద నీరు పారుతూ ఉంటే శిలాఫలకం చదవనివాడికీ సంబంధం తెలుస్తుంది. కూడలిలోనిది అలా కాదు. అక్కడ కాటన్ మరో పదిమంది నాయకులలో ఒకడు.

పీఠం ఎత్తు కూడా వాడుకనుబట్టే నిర్ణయమవుతుంది. ఏటా మే 15న జయంతికి దండ వేయాలి. దండ వేసేవారి చేయి అందాలంటే ప్రక్కన మెట్లు కట్టాలి, లేదా నిచ్చెన తేవాలి. పండుగకు ముందు రంగు వేస్తారు. డెల్టా గాలిలోని తేమకు సిమెంటు పగుళ్లిచ్చి, లోపలి ఇనుము తుప్పుపడుతుంది. పైపూత దాన్ని కప్పుతుంది. పూత మీద పూత పడుతూపోతే ముఖంలోని గీతలు పూడుకుపోయి, శిల్పి చెక్కిన మనిషి నెమ్మదిగా గుర్తు తెలియనివాడవుతాడు. శిల్పాన్ని నిలపడంతోనే పని అయిపోదన్న ఎరుక మన స్మారకచర్చల్లో చాలా అరుదు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రహదారులమీద, కాలిబాటలమీద విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రప్రభుత్వాలను ఆదేశించింది. ఆ ఆదేశం రాకపోకల ఇబ్బందిని దృష్టిలో పెట్టుకున్నదే అయినా, కూడలిని వదిలి కాలువగట్టుకు వెళ్లడానికి అదొక అవకాశం.

కాటన్ ప్రయాణంలో ఎక్కువ దూరం వెళ్లిన మజిలీ హైదరాబాదు. 1986లో ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు హుస్సేన్‌సాగర్ కట్టమీద 33 మంది తెలుగు ప్రముఖుల కంచు విగ్రహాలను నిలిపించాడు. కవులు, రాజులు, వాగ్గేయకారులు, సంస్కర్తలు ఉన్న ఆ వరుసలో ఐరోపావాడు కాటన్ ఒక్కడే. ఎంపికగా అది సాహసమే. రాజమహేంద్రవరంతో ముడిపడిన నన్నయ, వీరేశలింగం, కాటన్ ముగ్గురూ ఒకే కట్టమీదికి చేరారు. స్థలం మాత్రం మౌనంగా ఒక ప్రశ్న వేస్తుంది. ఆ చెరువును 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన కట్టించినవాడు హుస్సేన్ షా వలీ. ఆయన కట్టిన కట్టమీద గోదావరి ఆనకట్ట కట్టినవాడున్నాడు; ఆయన మాత్రం ఆ 33 మందిలో లేడు. వ్యక్తుల ఎంపిక నేలను మరచిపోయిందనడానికి ఇంతకన్నా సూటి నిదర్శనం దొరకదు. నేల ఆ సంగతి ఎంతోకాలం దాచుకోలేదు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకాలపు మిలియన్ మార్చ్‌లో ఆ వరుసలోని పలు విగ్రహాలు కూలాయి. వాటిని తరువాత పునఃప్రతిష్ఠించారు. విగ్రహాల్లోని మనుషులమీద కన్నా, ఆ ఎంపిక ఎవరిది, ఆ కట్ట ఎవరిది అన్నదానిమీద సాగిన పోరు అది. 2020లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రజలు బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని రేవులోకి తోసినప్పుడు, అతడి ఓడలు తిరిగిన నీళ్లే అవి. నిలపడంలోనే కాదు, కూల్చడంలోనూ చోటు మాట్లాడుతుంది.

ధవళేశ్వరంలో కాటన్‌కు ఆ ప్రమాదం లేదు. అక్కడ ఆయన హక్కును ఎవరూ ప్రశ్నించరు. ఆ భద్రతే మరో లోటును కప్పిపెట్టింది.

7. ప్రాంగణంలో మిగిలిన ఖాళీ

ఐదేళ్లపాటు కొండను పగులగొట్టి, బళ్లకెత్తి, వరదకూ వరదకూ మధ్య దొరికిన నెలల్లో ఇసుకమీద రాయి పేర్చినవారు వేలాదిమంది. వారిలో ఒడ్డెరలున్నారు, వడ్రంగులున్నారు, కమ్మరులున్నారు, పడవవాళ్లున్నారు, రాళ్లెత్తిన ఆడవారున్నారు. ఈ జనాన్ని కూడగట్టి పని నడిపించిన స్థానిక ఉద్యోగి వీణం వీరన్న. రాయబహదూర్ బిరుదు పొందిన ఆయన పేరు గోదావరి చరిత్ర చదివినవారికి తెలుసు; దారిన పోయే బస్సు ప్రయాణికుడికి తెలియదు. కాటన్‌కున్న విగ్రహాలలో ఎన్నో వంతు వీరన్నకున్నాయని అడగడం దండగ. శ్రామికులకైతే ఆ ప్రశ్న కూడా వర్తించదు.

ఇది కాటన్‌పై ఫిర్యాదు కాదు. అశ్వారూఢ విగ్రహమనే రూపంమీద ఫిర్యాదు. గుర్రంమీద ఒక్కడికే చోటుంటుంది. ఆ రూపాన్ని ఎంచుకున్నప్పుడే మిగిలినవారిని వదిలేసే నిర్ణయం జరిగిపోయింది. పీఠంమీద పేర్లు చేర్చినంతమాత్రాన అది సరికాదు. కావలసింది వేరే రూపం.

అటువంటి రూపం దక్షిణాది శిల్పానికి కొత్తదేమీ కాదు. 7వ శతాబ్దపు పల్లవ శిల్పులు మామల్లపురంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక భారీ శిలముఖంమీద గంగావతరణం చెక్కారు. దాన్ని అర్జున తపస్సు అనేవారూ ఉన్నారు. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం. రాతిలో సహజంగా ఉన్న చీలికనే వారు నదిగా చేసుకున్నారు. పైన తొట్టి కట్టి, ఆ చీలికగుండా నీరు జారే ఏర్పాటు చేశారు. తపస్సు చేస్తున్న మనిషి ఆ శిలమీద పెద్ద బొమ్మ కాదు. దేవతలు, మునులు, నాగులు, ఏనుగులు, లేళ్లు, దొంగజపం చేసే పిల్లితో సహా నూటికి పైగా రూపాలు ఆ చీలికవైపే తిరిగి ఉంటాయి. భగీరథుడి కథలో కథానాయిక నీరే అన్న సంగతి ఆ శిల్పులకు తెలుసు.

కాటన్‌ను భగీరథుడన్న డెల్టా ఈ పోలికను శ్లోకంలో నిలుపుకుంది గాని శిల్పంలోకి తేలేదు. ధవళేశ్వరంలో అందుకు కావలసినవన్నీ ఉన్నాయి. రాతిగని అయిన కొండ ఉంది. కాలువల మొదళ్లున్నాయి. లాకులున్నాయి. రాయి తీసిన గుర్తున్న చోట శ్రామికుల రూపాలను సజీవశిలపైనే చెక్కవచ్చు. పట్టాలు నడిచిన దారిని నేలమీద గుర్తించవచ్చు. పాత కట్టరాయి నాలుగు వరుసలు పేర్చి, ఇసుకమీద పునాది ఎలా నిలిచిందో సందర్శకుడు చేత్తో తాకి తెలుసుకునేలా చేయవచ్చు. వీటిలో దేనికీ గొప్ప పీఠం అక్కరలేదు. దండ వేయడానికి నిచ్చెనా అక్కరలేదు.

నీటితో శిల్పం కలపడం సులువు కాదన్న హెచ్చరిక కూడా తెలుగువారి అనుభవంలోనే ఉంది. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలపడానికి గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కిన ఏకశిలా బుద్ధుడు 1990 మార్చిలో పంటుతోసహా మునిగి కొందరి ప్రాణాలు తీసుకున్నాడు. రెండున్నరేళ్లకు పైగా చెరువు అడుగున పడుకొని, 1992 డిసెంబరులో లేచి నిలబడ్డాడు. హుస్సేన్‌సాగర్ నిలువనీరు. గోదావరి అలాంటిది కాదు. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. ఒడ్డున ఏది నిలపాలన్నా ఆ రోజు నీటిమట్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

వరదకాలంలో ధవళేశ్వరానికి జనం నేటికీ తరలివస్తారు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ రోజుల్లో రేడియోలో, టీవీలో, ఫోన్లలో డెల్టా అంతటా తిరిగే అంకెలివే. లంకలవాళ్లు సామాను సర్దుకోవడమూ, సర్దుకోకపోవడమూ వీటినిబట్టే. బ్యారేజీ చేరినవారు రెయిలింగు పట్టుకొని, గేట్లకింద ఎర్రగా సుడి తిరిగే నీటినీ, దూరాన కొలబద్దమీది గీతనూ చూస్తూ నిలబడతారు. లష్కర్లు గేట్లమీద అటూఇటూ తిరుగుతుంటారు. గుర్రంమీది దొర వాళ్ల వెనకాల ఉంటాడు.